తొలిపేరు ఎవరిది?

సిరిసిల్ల, కోనరావుపేట ప్రాంతాలలో పుట్టి పెరిగినవారికి సాంచాల చప్పుడు కొత్త కాదు. మరమగ్గాలను అక్కడి జనం సాంచాలనే పిలుచుకుంటారు. పడుగు దారాల నడుమ నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు పరుగులు తీస్తుంటే పేక అల్లుకొని గుడ్డ పెరుగుతూ ఉంటుంది. ఒకప్పుడు ఈ నాడెను నేతగాడు చేతితో విసరవలసి వచ్చేది. ఒక చేతితో విసిరి రెండవ చేతితో అందుకోగలిగినంత వెడల్పే గుడ్డకు హద్దు. అంతకు మించిన పన్నా కావాలంటే మగ్గానికి ఇద్దరు మనుషులు కూర్చోవలసిందే. ఇంగ్లండులోని లాంకషైర్ సీమకు చెందిన జాన్ కే అనే అతడు నాడెకు చిన్న చక్రాలు అమర్చి, తాడు గుంజితే దానంతట అదే దొర్లిపోయే ఏర్పాటు చేసి, 1733లో దానికి పేటెంటు పొందాడు.

నాడె పరుగెత్తింది. దానిని కనిపెట్టినవాడు మాత్రం కూలబడ్డాడు. వస్త్ర వ్యాపారులు అతని నాడెను సంతోషంగా వాడుకున్నారు, చెల్లించవలసిన రుసుమును మాత్రం ఎగవేశారు. కే న్యాయస్థానానికి వెళితే, ఆ దావాల ఖర్చు అందరూ కలిసి భరించడానికి ఒక సంఘాన్నే స్థాపించుకున్నారు. దానికి వారు పెట్టుకున్న పేరు షటిల్ క్లబ్బు! దావాల ఖర్చులతో చితికిపోయిన కే 1747లో ఫ్రాన్సుకు తరలిపోయాడు. అతని చివరి రోజులు ఆ పరాయి దేశంలోనే గడిచాయి. ఆ తరువాతి తరంలో నూలు వడికే యంత్రం విషయంలోనూ ఇటువంటి తగవే నడిచింది. దానిపై పేటెంటు పొంది కోట్లకు పడగలెత్తిన రిచర్డ్ ఆర్క్‌రైట్ నిజానికి థామస్ హైస్ అనే వాని ఆలోచనను సంగ్రహించాడని 1785లో న్యాయస్థానంలో సాక్ష్యాలు వెలువడ్డాయి, పేటెంటు రద్దయింది. ఆ సాక్ష్యం చెప్పినవారిలో ఒక గడియారాల పనివాడు ఉన్నాడు. అతని పేరు కూడా జాన్ కే. ఈ కే వేరు, నాడె కనిపెట్టిన కే వేరు. పేరు కోసం జరిగిన పోరాటాల చరిత్రలో పేర్లే ఇట్లా తికమక పెట్టడం ఒక విచిత్రం.

నేతపని వద్దనే మరొక ఉదాహరణ చెప్పుకోవచ్చు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి భుజాలు పడిపోవడం చూడలేక, ఆ పనిని చేసే యంత్రాన్ని తయారుచేశాడు. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. ఆ యంత్రానికి ఆయన తన పేరు పెట్టుకోలేదు, తల్లి పేరు పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రమంటే ఇప్పుడు చేనేత ఊళ్లలో తెలియనివారు అరుదు. అన్ని ఆవిష్కరణల కథలూ ఇంత ప్రశాంతంగా ముగిసి ఉంటే ఈ వ్యాసానికి పనే ఉండేది కాదు.

‘ఇది మొదట నాకు తోచింది’ అనే మాట శాస్త్రజ్ఞుల లోకంలో ఎంత పదునైనదో, కవుల లోకంలోనూ అంత పదునైనదే. పదవ శతాబ్ది నాటి ఆలంకారికుడు రాజశేఖరుడు తన ‘కావ్యమీమాంస’లో ఒక కవి మరొక కవి శబ్దాన్ని, అర్థాన్ని గ్రహించే తీరులను ఒక శాస్త్రంలాగా వర్గీకరించి చూపాడు. ఏది దొంగతనం, ఏది మెచ్చదగిన స్వీకారం అన్న విషయంపై అధ్యాయాలకు అధ్యాయాలు రాశాడంటే, ఆనాటికే ఆ తగవు ఎంత ముదిరి ఉండాలి! తెలుగులో గోన బుద్ధారెడ్డి రచించిన ద్విపద కావ్యం నేటికీ ‘రంగనాథ రామాయణం’ అనే పేరుతోనే చెలామణి అవుతున్నది. ఆ రంగనాథుడు ఎవరు, ఆ పేరు ఎట్లా వచ్చింది అన్న చర్చతో పండితులు పుటలు నింపారు. అయితే కావ్యానికీ యంత్రానికీ ఒక భేదం ఉంది. ఒకే కావ్యాన్ని ఇద్దరు కవులు వేర్వేరు చోట్ల అక్షరం పొల్లు పోకుండా రాయడం జరగని పని. ఒకే సత్యాన్ని ఇద్దరు శాస్త్రజ్ఞులు వేర్వేరు చోట్ల కనుగొనడం తరచుగా జరిగేదే. 1876 ఫిబ్రవరి 14న అలెగ్జాండర్ గ్రాహంబెల్, ఎలీషా గ్రే అనే ఇద్దరి తరఫున టెలిఫోనుకు సంబంధించిన పత్రాలు ఒకే రోజున, ఒకే కార్యాలయంలో దాఖలయ్యాయి. ఏ పత్రం ముందు చేరింది అన్న ప్రశ్న మీద ఆ తరువాత ఎన్నో ఏళ్లు వాదాలు నడిచాయి.

అందుచేత ఇటువంటి వివాదాలలో దొంగ ఎవరు, దొర ఎవరు అని తొందరపడి తీర్పు చెప్పడం ప్రమాదకరం. ఒక తెలుగువాని జీవితంలో ఈ చిక్కు ఒకసారి కాదు, పలుమార్లు ఎదురైంది. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో లేమి. చదువు మీద మొదట పెద్దగా మనసు లేదు. పదమూడేళ్ల ప్రాయంలో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరితే, తల్లి వెనుకకు రప్పించి బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల, ఆపై మద్రాసు వైద్య కళాశాల. అనపర్తికి చెందిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆయన చదువుకు అండగా నిలిచాడు.

గాంధీజీ పిలుపు విని సుబ్బారావు విదేశీ వస్త్రాలను విడిచిపెట్టాడు. శస్త్రచికిత్స తరగతికి కూడా ఖద్దరు అంగీ తొడుక్కొని వెళ్లాడు. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. ఒక అంగీ వల్ల ఒక పట్టా పోయింది. ఆ తక్కువ పట్టా వల్ల ఆయనకు ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించవలసి వచ్చింది. 

అంతకుముందే ఆ ఇంటిమీద ఒక పిడుగు పడింది. సుబ్బారావు అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకరి వెనుక ఒకరు మరణించారు. ఇద్దరినీ బలిగొన్నది స్ప్రూ అనే వ్యాధి. తిన్న ఆహారంలోని సారాన్ని పేగులు గ్రహించలేక, మనిషి పాలిపోయి, ఎండిపోయి, రక్తహీనతతో కృశించిపోయే వ్యాధి అది. దానికి మందేమిటో ఆనాడు ఎవరికీ తెలియదు. ఆ సంగతి గుర్తుంచుకోవాలి, తరువాత పనికి వస్తుంది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయంతోను, మామగారి సొమ్ముతోను సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేశాడు. మద్రాసు ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. పొట్టపోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట కింది పనులు చేశాడు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని కూడా అందులో ఒకటి. ఆ తరువాతనే హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో ఆయనకు చోటు దొరికింది.

ఫిస్క్ ఆయనకు అప్పగించిన పని పైకి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే మేలైన పద్ధతి కనిపెట్టాలి. అప్పటికే బెల్, డాయిజీ అనే శాస్త్రజ్ఞులు 1920లో ఒక పద్ధతి చెప్పారు, బ్రిగ్స్ అనే ఆయన దానిని సవరించాడు. సూత్రం ఇది. ద్రవంలోని ఫాస్ఫేటును మాలిబ్డిక్ ఆమ్లంతో కలిపి, దానిమీద తగిన రసాయనాన్ని ప్రయోగిస్తే నీలిరంగు పుడుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. పాత పద్ధతిలో ఆ రంగు నిలకడగా ఉండేది కాదు. కొలిచేలోపే వెలిసిపోతే కొలతకు విలువేముంది? సుబ్బారావు, ఫిస్క్ అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఉపయోగించి, త్వరగా పుట్టి నిలిచి ఉండే నీలిరంగును సాధించారు. ఈ పద్ధతిని వివరించే పరిశోధన పత్రం 1925 డిసెంబరులో వెలువడింది. ప్రపంచంలో అత్యధికంగా ఉదహరింపబడిన శాస్త్ర పత్రాలలో అదొకటి. వైద్య విద్యార్థులు దానిని నేటికీ ‘ఫిస్క్ - సుబ్బారావు పద్ధతి’ అనే పిలుస్తారు. తొలిపేరు గురువుది, మలిపేరు శిష్యునిది.

ఈ నీలిరంగే మరొక రహస్యాన్ని బయటపెట్టింది. కండరాల నుండి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే నీలిరంగు రావలసిన వేళకు రాకుండా మెల్లమెల్లగా వస్తున్నది. పరీక్ష సరిగా చేయలేదేమో అనుకొని ద్రవం పారబోసేవారే లోకంలో ఎక్కువ. సుబ్బారావు, ఫిస్క్ మాత్రం ఆ ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో ఫాస్ఫేటుతో కూడిన ఏదో అస్థిరమైన పదార్థం ఉంది. పరీక్షలోని ఆమ్లం సోకగానే అది విడిపోతూ, కొంచెం కొంచెంగా ఫాస్ఫేటును వదులుతున్నది. అందుకే రంగు ఆలస్యమవుతున్నది. ఆ పదార్థం క్రియేటిన్, ఫాస్ఫేటుల కలయిక అని తేల్చి దానిని ఫాస్ఫోక్రియేటిన్ అన్నారు. 1927 ఏప్రిల్‌లో ఈ సంగతిని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు.

తగవు ఇక్కడే మొదలయింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, అంటే రెండు నెలలకు పైగా ముందే, లండన్‌లో ఫిలిప్ ఎగుల్టన్, గ్రేస్ ఎగుల్టన్ అనే దంపతులు ‘నేచర్’ పత్రికలో ఒక లేఖ ప్రకటించారు. కప్ప కండరంలో అస్థిరమైన ఫాస్ఫేటు పదార్థం ఒకటి ఉన్నదని, కండరం పనిచేసినప్పుడు అది తరుగుతున్నదని వారు చెప్పారు. దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. మరి కనుగొన్నదెవరు? తేదీలను బట్టి చూస్తే లండన్ దంపతులే ముందు. అయితే ఆ పదార్థం ఏమిటో వారు చెప్పలేకపోయారు. దానిలో ఉన్నది క్రియేటిన్ అని రుజువు చేసినవారు సుబ్బారావు, ఫిస్క్. అడవిలో పులి అడుగుజాడ చూసినవాడు ఒకడు, పులిని చూసినవాడు మరొకడు. ఇద్దరికీ చెరిసగం పేరు ఇవ్వడమే ధర్మం. శాస్త్ర చరిత్రకారులు ఎక్కువమంది ఆ పనే చేశారు.

ఈ ఆవిష్కరణ ఎందుకంత గొప్పదో తెలియాలంటే ఆనాటి శాస్త్రలోకపు విశ్వాసం ఒకటి తెలియాలి. కండరం ముడుచుకోవడానికి కావలసిన శక్తి లాక్టిక్ ఆమ్లం నుండి వస్తుందని అందరూ నమ్మేవారు. ఆ రంగంలో కృషి చేసినందుకే ఏ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ ఒక విషపదార్థం ప్రయోగించి, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే కండరం ముడుచుకొంటుందని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియేటిన్ ఖర్చవుతున్నదని చూపాడు. పాత సిద్ధాంతం కూలిపోయింది. హిల్ పెద్దమనసుతో దానిని అంగీకరించి, 1932లో ఈ మార్పును కండర శాస్త్రంలో వచ్చిన ఒక విప్లవంగా వర్ణించాడు. తన బహుమతికి ఆధారమైన సిద్ధాంతం తప్పని తేలినప్పుడు ఆ తీర్పును తానే చదివి వినిపించడం సామాన్యమైన సంస్కారం కాదు.

ఇక మూడవ ఘట్టం అన్నిటికంటె పెద్దది. జీవులన్నిటిలోను శక్తి మారకపు నాణెంలాగా పనిచేసే పదార్థం అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. పొట్టిగా ఏటీపీ అంటారు. నడిచినా, నవ్వినా, ఆలోచించినా ఖర్చయ్యేది అదే. దానిని కనుగొన్నట్లు మేయర్‌హాఫ్ వద్ద పనిచేస్తున్న జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లోమన్ 1929 ఆగస్టులో ప్రకటించాడు. అదే సంవత్సరం అక్టోబరు 18 నాటి ‘సైన్స్’ పత్రికలో ఫిస్క్, సుబ్బారావుల ప్రకటన వచ్చింది. ఒకరి పని ఒకరు చూసి రాసినది కాదు. అట్లాంటిక్ సముద్రానికి అటొకరు, ఇటొకరు, వేర్వేరు దారులలో నడిచి ఒకే గుమ్మం ముందుకు చేరారు. అయినా రెండున్నర నెలల తేడా చరిత్రలో చాలా దూరం. పాఠ్యగ్రంథాలలో ఎక్కువ భాగం లోమన్ పేరును మొదట చెప్పి, ‘స్వతంత్రంగా ఫిస్క్, సుబ్బారావులు కూడా’ అని జోడిస్తాయి. కొన్ని ఆ జోడింపును కూడా మరచిపోతాయి. ఆ అణువులోని భాగాల అమరికను 1935లో సరిగా ఊహించిన జపాను శాస్త్రజ్ఞుడు కటాషి మకినో పేరు తలచేవారు మరీ తక్కువ. వివాదంలో పేరు ఉండడం కూడా ఒక అదృష్టమే కాబోలు. వివాదం కూడా లేనివాడు పూర్తిగా మరుగున పడతాడు.

సముద్రానికి ఆవల ఉన్న పోటీదారు కంటె ఒకే గదిలో ఉన్న గురువుతో వచ్చే చిక్కు సున్నితమైనది. 1930లో హార్వర్డ్ సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టా ఇచ్చింది. ఆ తరువాత ఒక దశాబ్దం పాటు అక్కడే పనిచేసినా ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు. జార్జి హిచింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రోజులలో ఫిస్క్ వద్దనే విద్యార్థి. తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందినవాడు. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడ్లలో కొన్నింటిని ఎన్నో ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, ఫిస్క్ అసూయ కొద్దీ వాటిని వెలుగు చూడనీయకపోవడమే దానికి కారణంగా తోస్తున్నదని హిచింగ్స్ చెప్పాడు. 

ఈ మాట వినగానే మనకు ద్రోణుడు, ఏకలవ్యుడు గుర్తుకు రావడం సహజం. ఆ పోలిక పూర్తిగా అతకదు. ఫిస్క్ తన గది తలుపు తెరిచి, ఉద్యోగం లేని విదేశీయునికి పని చూపించినవాడు. 1925, 1927, 1929 పత్రాలన్నిటిలో శిష్యుని పేరును తన పేరు పక్కన నిలిపినవాడు. ఏకలవ్యునికి ద్రోణుడు పాఠమే చెప్పలేదు, అయినా బొటనవేలు అడిగాడు. ఫిస్క్ పాఠం చెప్పాడు, పని నేర్పాడు, ఆపైన తాళం తన దగ్గర ఉంచుకున్నాడు. ఏది ప్రచురించాలి, ఎప్పుడు ప్రచురించాలి అనే అధికారం ప్రయోగశాల అధిపతిది. శిష్యుని బొటనవేలు తీసుకోనక్కరలేదు. అతని రాతప్రతిని సొరుగులో పెట్టి మరచిపోతే చాలు.

ఇటువంటి స్థితిలో మరొక శిష్యుడు ఏం చేశాడో చూడవచ్చు. అమెరికాలోనే రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ షాట్జ్ అనే యువకుడు 1943లో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్ అనే మందును వెలికితీశాడు. క్షయవ్యాధికి పనికివచ్చిన తొలి యాంటీబయాటిక్ అది. అతని గురువు సెల్మన్ వాక్స్‌మన్. పేటెంటు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, రాబడి మాత్రం గురువుకు అందుతున్నదని తెలిసి షాట్జ్ 1950 మార్చిలో దావా వేశాడు. అదే ఏడు డిసెంబరులో రాజీ కుదిరింది. షాట్జ్ కూడా ఆ మందును కనుగొన్నవారిలో ఒకడని అంగీకారం జరిగి, రాబడిలో మూడు శాతం అతనికి, పది శాతం వాక్స్‌మన్‌కు నిర్ణయమైంది. 1952లో నోబెల్ బహుమతి వాక్స్‌మన్ ఒక్కనికే ఇచ్చారు. గురువు మీద దావా వేసిన శిష్యునికి మంచి ప్రయోగశాలలలో చోటు దొరకడం కష్టమయింది. న్యాయం గెలిచింది, న్యాయం అడిగినవాడు నష్టపోయాడు. జాన్ కే నాటినుండి ఈ వరుస మారలేదు.

సుబ్బారావు దావా వేయలేదు, పత్రికలకు ఎక్కలేదు. 1940లో హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. అప్పటికే ఆయన ఒక విషయం మీద మనసు పెట్టి ఉన్నాడు. ప్రాణాంతకమైన ఒక రకపు రక్తహీనతకు కాలేయసారం మందుగా పనిచేస్తున్నది. దానిలోని అసలు పదార్థం ఏమిటి?

ఈ ప్రశ్న వెంట కూడా పోటీదారులు పరుగులు తీస్తున్నారు. టెక్సాస్ శాస్త్రజ్ఞులు 1941లో నాలుగు టన్నుల పాలకూర నుండి కొద్దిపాటి పదార్థం తీసి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానికి పదేళ్ల ముందే లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులలోని రక్తహీనతను ఈస్టుసారంతో తగ్గించవచ్చని చూపించింది. ఆమె చూసినదీ ఈ పదార్థం మహిమనే అని తరువాత తేలింది. 1943లో పార్క్ డేవిస్ సంస్థవారు కాలేయం నుండి, లెడర్లీవారు తమ పద్ధతిలో, దానిని స్ఫటికరూపంలో సాధించారు. ప్రకృతిలో టన్నులకు చిటికెడు దొరికే పదార్థాన్ని ప్రయోగశాలలోనే తయారుచేయగలిగితే తప్ప అది రోగి దాకా చేరదు. ఆ పనిని 1945లో సుబ్బారావు నాయకత్వంలోని బృందం సాధించింది. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని ప్రకటించిన 1946 నాటి పత్రం మీద పదిహేను మందికి పైగా రచయితల పేర్లు ఉన్నాయి. అధిపతి పేరు మొదట ఉంటుందని ఎవరైనా అనుకొంటారు. సుబ్బారావు పేరు ఆ గుంపు నడుమ ఎక్కడో ఉంది.

ఫోలిక్ ఆమ్లం ఆయన వెదుకుతున్న మందు కాదు. ఆ ప్రాణాంతక రక్తహీనతకు అసలు మందు విటమిన్ బి12 అని, దానిని వేరుచేశామని 1948లో అమెరికాలో మెర్క్ సంస్థవారు, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థవారు కొద్ది రోజుల తేడాతో ప్రకటించారు. అది మరొక పరుగుపందెం. ఆ పందెంలో సుబ్బారావు ఓడిపోయాడు. అయితే ఫోలిక్ ఆమ్లం మరొక వ్యాధికి అద్భుతంగా పనిచేసింది. స్ప్రూకి! అన్నదమ్ములిద్దరినీ ఎనిమిది రోజులలో తీసుకుపోయిన ఆ వ్యాధికి, ఆయన చేతిమీదుగానే మందు తయారయింది. అప్పటికి వారు పోయి పాతికేళ్లకు పైగా గడిచింది.

ఫోలిక్ ఆమ్లాన్ని చేయడం తెలిసినవారికి, దానిని పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే పదార్థాన్ని చేయడం కూడా తెలుస్తుంది. లెడర్లీలో అట్లా తయారైనది అమినోప్టెరిన్. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు క్యాన్సరుతో బాధపడే పిల్లలకు ఇచ్చి చూశాడు. పదహారు మందిలో పది మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. 1948 జూన్‌లో వెలువడిన ఆ పత్రం క్యాన్సరు మందుల చరిత్రలో మొదటి పుటల్లో నిలిచింది. దాని రచయితలలో సుబ్బారావు లేడు. మందు ఇచ్చిన వైద్యులే ఉన్నారు. అది అన్యాయమని ఎవరూ అనలేరు, రోగిని చూసినవారు వారే కదా. కాని మందు ఎక్కడినుండి వచ్చిందో చదువరి వెదికి తెలుసుకోవలసి వచ్చింది. ఫైలేరియా వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఆయన బృందం నుండి వచ్చినదే. బోదకాలు మన పల్లెలకు ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు.

చివరి వివాదాన్ని ఆయన చూడలేదు. లెడర్లీలో ఆయన ఆధ్వర్యంలో వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ దేశదేశాల మట్టి నమూనాలను పరీక్షించి, బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందును సాధించాడు. డగ్గర్ అప్పటికి డెబ్బై దాటిన వృద్ధుడు. విశ్వవిద్యాలయం పదవీ విరమణ ఇచ్చినవానికి సుబ్బారావు పని ఇచ్చాడు. 1948 వేసవిలో ఆ మందు లోకానికి వెల్లడయింది. ఆ ఆగస్టు 9న సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశాడు. వయస్సు యాభైమూడు. ఇల్లు విడిచి వెళ్లినవాడు తిరిగి స్వదేశానికి ఒక్కసారి కూడా రాలేదు.

1950లో ఫైజర్ సంస్థ టెర్రామైసిన్ అనే దగ్గరి చుట్టాన్ని కనుగొని పేటెంటు పొందింది. 1952లో అదే సంస్థకు చెందిన లాయిడ్ కానోవర్, ఆరియోమైసిన్ అణువులోని క్లోరిన్‌ను తొలగించి టెట్రాసైక్లిన్ చేయవచ్చని చూపాడు. అంటే లెడర్లీవారి మందులో చిన్న మార్పు చేస్తే మరింత మేలైన మందు వస్తుంది. దానిమీద హక్కు ఎవరిది? లెడర్లీవారూ దరఖాస్తు పెట్టారు, బ్రిస్టల్ అనే మూడవ సంస్థ కూడా నాదే అన్నది. 1955 జనవరిలో పేటెంటు కానోవర్ పేర మంజూరయింది. పోటీ సంస్థలు కలహం మాని లోపాయికారీగా ఒప్పందాలు చేసుకొని ధర నిలబెట్టుకుంటున్నాయని 1958లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. ఆ వ్యాజ్యాలు 1960ల పొడుగునా నడిచాయి. షటిల్ క్లబ్బులో వ్యాపారులు ఆవిష్కర్తకు వ్యతిరేకంగా చేతులు కలిపారు. ఇక్కడ కలిసినవారి మీద పడిన నింద కొనుగోలుదారునికి వ్యతిరేకంగా కలిశారన్నది. మధ్యన రెండు శతాబ్దాలు గడిచాయి, అంతే.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలాశాఖ ఒక బిళ్ల విడుదల చేసింది. అంతకు చాలా ముందే, 1953లో, క్లిఫర్డ్ హెసెల్‌టైన్ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు కొత్తగా గుర్తించిన ఒక బూజుకు పేరు పెట్టవలసి వచ్చింది. మురుగునీటిని శుభ్రపరిచే కేంద్రాలలోని రాళ్లమీద పెరిగే చిన్న శిలీంధ్రం అది. శాస్త్ర నియమం ప్రకారం ఒకసారి పెట్టిన ఆ పేరును పోటీదారులెవరూ తమకు మార్పించుకోలేరు. ఆయన దానిని సుబ్బారోమైసెస్ స్ప్లెండెన్స్ అని నమోదు చేశాడు.